పేకముక్కలు – సంభావ్యత

సింగరేణి బొగ్గుగనుల ప్రాంతానికి పేకాట కొత్త కాదు. రామకృష్ణాపూర్ కాలనీలలో పండుగ సెలవునాడు నలుగురు ఒకచోట చేరితే పత్తాలు బయటికి రావడం చాలకాలంగా ఉన్నదే. పదమూడు ముక్కల రమ్మీ, మూడు ముక్కలాట – ఈ రెండింటి పేరు వినని ఇల్లు ఉండదు. అయితే ఆ ఆటకు సహజంగానే కొన్ని హద్దులు ఉండేవి. నలుగురు మనుష్యులు కూడవలెను. షిఫ్టు వేళకు లేచిపోవలెను. ఓడినవాని ముఖం గెలిచినవానికి ఎదురుగానే ఉంటుంది. ఆట చేతిలోని ఫోనులోనికి ప్రవేశించిన తరువాత ఈ హద్దులన్నీ ఒక్కసారిగా తొలగిపోయినవి.

రవీంద్రఖని స్టేషనులో బండి ఎక్కి వరంగల్లుకో హైదరాబాదుకో పోయి ఎం.ఎస్సీ. చదువుతున్న విద్యార్థిని ఒకనిని ఊహించుకొందాము. తండ్రి గనిలో పని చేస్తాడు. కుర్రవానికి గణితం బాగా వచ్చును. రాత్రిపూట హాస్టలు గదిలో కొంత తీరిక ఉన్నది. స్నేహితుడొకడు పోకరు అనే ఆటను పరిచయం చేసినాడు. కుర్రవాడు ఇట్లా ఆలోచిస్తాడు: “పోకరు అదృష్టపు ఆట కాదు, లెక్కల ఆట. నాకు లెక్కలు వచ్చును. కాబట్టి నేను గెలుస్తాను.” ఈ మూడు వాక్యాలలో మొదటిది చాలవరకు నిజం. రెండవది నిజమే కావచ్చును. మూడవది మాత్రం మొదటి రెండింటినుండి రాదు. ఎందువల్ల రాదో వివరించడానికి ఇంటర్మీడియట్ తరగతులలో చెప్పే సంభావ్యతా పాఠమే సరిపోతుంది.

ముందుగా ముక్కలను లెక్కించడం చూతము. పేకలో ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అనే నాలుగు రంగులున్నవి; రంగుకు 13 చొప్పున మొత్తం 52 ముక్కలు. వీటినుండి 5 ముక్కలను ఎన్ని విధాలుగా ఎన్నుకొనవచ్చును? సంయోగాల సూత్రం ప్రకారం 25,98,960 విధాలుగా. పోకరులో ఏ చేయి ఏ చేతికంటె పెద్దది అనేది ఎవరో ఇష్టం వచ్చినట్లు నిర్ణయించినది కాదు. ఈ లెక్కనుండే వచ్చినది. ఒక్క జత మాత్రమే ఉన్న చేతులు 10,98,240. అంటే నూటికి 42. రెండు జతలున్నవి 1,23,552. ఒకే అంకె గల మూడు ముక్కలున్నవి 54,912. ఐదు అంకెలు వరుసగా ఉన్నవి 10,200. ఐదూ ఒకే రంగువి 5,108. ఒకే అంకెవి మూడు, మరొక అంకెవి రెండు కలిసినవి 3,744. నాలుగూ ఒకే అంకెవి 624. ఒకే రంగులో వరుసగా వచ్చినవి 40 మాత్రమే. ఎంత అరుదైతే అంత పెద్ద చేయి. తరగతిలో సంయోగాలు చెప్పే ఉపాధ్యాయునికి ఇంతకంటె అనువైన ఉదాహరణ దొరకడం కష్టం. పేక అనగానే ముఖం చిట్లించడం వలన పాఠ్యపుస్తకాలు ఈ అవకాశాన్ని కొంత పోగొట్టుకొన్నవనే చెప్పవలెను.

నిజానికి సంభావ్యతా శాస్త్రం పుట్టినదే జూదపు బల్లల దగ్గర. 1654లో ఫ్రాన్సు దేశంలో పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు గణితవేత్తలు లేఖలు వ్రాసుకొన్నారు. మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెపు సొమ్మును ఎట్లా పంచవలెను అన్నది వారి ప్రశ్న. అంతకు ఎంతో ముందే మన భారత కథలో ఋతుపర్ణ మహారాజు విభీతక వృక్షంలోని ఆకులను, కాయలను ఒక్కచూపులో లెక్కగట్టి చెప్పినాడు. నలునికి ఆయన నేర్పిన విద్య అక్షహృదయం, అంటే పాచికల మర్మం. ఎంతో పెద్ద సంఖ్యను అంచనా కట్టే నేర్పునూ, జూదాన్నీ కథకుడు ఒకే మనిషిలో చూపినాడు. ఆ కాలపు పాచికలు ఆ చెట్టు కాయలే కావడం మరొక విశేషం.

ఇక ఆటకు వత్తము. ఇంటర్నెట్టులో ఎక్కువగా ఆడేది టెక్సాస్ హోల్డెమ్ అనే రకం. ఒక్కొక్కరికి రహస్యంగా రెండేసి ముక్కలు ఇస్తారు. తరువాత అందరికీ చెందేటట్లు బల్లమీద మొదట మూడు, ఆపైన ఒకటి, చివరకు మరొకటి తెరుస్తారు. ప్రతి దశలోను పందెం పెంచవచ్చును, సరిపెట్టవచ్చును, ముక్కలు పారవేసి తప్పుకొనవచ్చును.

మన విద్యార్థి చేతిలోను బల్లమీదను కలిపి నాలుగు ఆఠీనులు వచ్చినవనుకొందాము. ఒక్క ముక్క మాత్రమే తెరవవలసి ఉన్నది. అది ఆఠీను అయితే గెలుపు, కాకపోతే ఓటమి. అతనికి కనిపించినవి 6 ముక్కలు, కనిపించనివి 46. వాటిలో ఆఠీనులు 9. కనుక గెలుపు సంభావ్యత 46లో 9 వంతులు, అంటే నూటికి సుమారు 19.6. బల్లమీద 100 రూపాయలున్నవి. ప్రత్యర్థి మరి 50 వేసినాడు. సరిపెట్టవలెనంటే 50 ఇవ్వవలెను. గెలిస్తే 150 వచ్చును. ఈ నిర్ణయపు అంకమధ్యమం ఎంత? 150ని 9/46 చేత గుణించగా 29 రూపాయల 35 పైసలు. 50ని 37/46 చేత గుణించగా 40 రూపాయల 22 పైసలు. తేడా దాదాపు 11 రూపాయల నష్టం. కాబట్టి ముక్కలు పారవేయడమే మంచిది. అదే ప్రత్యర్థి 50కి బదులు 20 మాత్రమే వేసి ఉంటే లెక్క తారుమారవుతుంది: 23.48లోనుండి 16.09 పోగా 7 రూపాయల పైచిలుకు లాభం. ముక్కలు అవే, సంభావ్యత అదే. పందెపు పరిమాణం మారగానే సరియైన నిర్ణయం మారిపోయినది.

నేర్పు అనేది ఇక్కడ ఉన్నది. ఈ సంగతిని న్యాయస్థానాలు కూడ గుర్తించినవి. సికిందరాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడించిన కేసు ఆంధ్రప్రదేశ్‌నుండి సుప్రీంకోర్టుదాకా పోయినది. 1967 నవంబరు 22న ఇచ్చిన తీర్పులో న్యాయమూర్తులు మూడు ముక్కలాటకూ రమ్మీకీ భేదం చూపినారు. మొదటిది కేవలం అదృష్టంమీద నడిచేది. రమ్మీలో ఏ ముక్క పడినదో జ్ఞాపకం పెట్టుకొనవలెను, ఏది పట్టుకొనవలెనో ఏది పారవేయవలెనో ఆలోచించవలెను. కనుక అందులో నేర్పుదే పైచేయి అన్నారు. అయితే ఆడించేవారు ఆటనుండి లాభం తీస్తే అది నేరం కావచ్చునని అదే తీర్పు హెచ్చరించినది. తరువాతి కాలంలో మొదటి మాటను చాలమంది వల్లించినారు. రెండవ మాటను తలచుకొన్నవారు తక్కువ. గణితం దృష్టిలో అసలు చిక్కు రెండవ మాటలోనే ఉన్నది.

ఆ చిక్కు పేరు కమీషను. ఆటను నడిపే సంస్థ ప్రతి పందెపు మొత్తంలోను కొంత భాగం తీసుకొంటుంది. తేలికగా ఉండడానికి ఒక నమూనా తీసికొందాము. సమాన నేర్పు గల ఇద్దరు చెరి 100 రూపాయలు పెట్టినారు. గెలిచినవానికి 200 రావలెను. సంస్థ నూటికి 5 చొప్పున 10 తీసుకొని 190 ఇస్తుంది. అంటే గెలిచినవానికి లాభం 90, ఓడినవానికి నష్టం 100. ఆటకు సగటున ఒక్కొక్కరికి 5 రూపాయల నష్టం. ఐదు రూపాయలే కదా అనిపిస్తుంది. 100 ఆటలకు 500. 1,000 ఆటలకు 5,000. 10,000 ఆటలకు 50,000.

అయితే ఇది సగటు మాత్రమే. ఒక్కొక్కని అనుభవం సగటు చుట్టూ చెదిరి ఉంటుంది. ఆ చెదరుపాటును క్రమవిచలనం తెలుపుతుంది. ఈ నమూనాలో ఒక ఆటకు క్రమవిచలనం 95 రూపాయలు. ఆటల సంఖ్య పెరిగినకొద్దీ ఇది ఆ సంఖ్య యొక్క వర్గమూలం చొప్పున పెరుగుతుంది. నష్టపు సగటు మాత్రం ఆ సంఖ్య చొప్పుననే పెరుగుతుంది. 100 ఆటలకు సగటు నష్టం 500, క్రమవిచలనం 950. అంటే చెదరుపాటు నష్టానికి దాదాపు రెండింతలు. అటువంటప్పుడు నష్టం కంటికి కనిపించదు. 10,000 ఆటలకు సగటు నష్టం 50,000, క్రమవిచలనం 9,500. ఇప్పుడు నష్టం కొండవలె నిలిచి ఉంటుంది. అదృష్టం దానిముందు గులకరాయి.

ఈ సంఖ్యలను మనుష్యుల భాషలోనికి మార్చి చూడవలెను. సమాన నేర్పు గల 100 మంది తలా 100 ఆటలు ఆడినారు. లాభంలో ఉండవలెనంటే ఒక్కొక్కడు కనీసం 53 ఆటలు గెలవవలెను. ద్విపద విభాజనం ప్రకారం అట్లా గెలిచేవారు సుమారు 31 మంది. ఆ ముప్పైఒక్కరిలో ఒక్కనికి కూడ అధికమైన నేర్పు లేదు. కాని ప్రతివాడూ తనకు ఉన్నదనే అనుకొంటాడు. అందుకు సాక్ష్యంగా చేతిలో డబ్బు ఉన్నది! మెస్సులో, కాలనీలో, టీ కొట్టు దగ్గర మాట్లాడేది ఆ ముప్పైఒక్కరే. మిగిలిన 69 మంది నోరు మెదపరు. వినేవానికి మాత్రం ఆడినవారంతా గెలుస్తున్నట్లే తోస్తుంది. ఆట 1,000కి సాగితే లాభంలో ఉండేవారు 100 మందిలో ఐదుగురు. 10,000కి సాగితే కోటిమంది ఆడినా ఒక్కరుకూడ మిగలడం సందేహమే.

10,000 ఆటలంటే ఎంతో కాలం పడుతుందని అనిపించవచ్చును. ఎదురెదురుగా కూర్చుని ఆడే పోకరులో గంటకు సుమారు 30 చేతులు పడతాయి. కలపడానికీ పంచడానికీ కాలం పోతుంది. ఫోనులో కలపడం క్షణంలో పని. గంటకు 60 చేతులు సులభంగా సాగుతాయి. ఒకేసారి రెండు బల్లలమీద ఆడనూవచ్చును. రోజుకు మూడు గంటలైతే 360 చేతులు. 28 రాత్రులలో పది వేలు దాటుతాయి. మన విద్యార్థి ఒక్క నెలలో ఆడినది ఎదురుగా కూర్చుని ఆడే పాత పద్ధతిలో 300 గంటల పైబడిన ఆట. ప్రతి చేతికీ పైన చెప్పినంత కమీషను పడదు. పందేలూ సమానంగా ఉండవు. అయినా దిశ మారదు.

నిజంగా నేర్పు ఉన్నవాని సంగతి ఏమిటి? కమీషనును దాటడానికే పై నమూనాలో నూటికి 52.6కి పైగా గెలవవలెను. నూటికి 54 గెలిచే నేర్పరి ఒకడున్నాడనుకొందాము. ఆటకు సగటున 2 రూపాయల 60 పైసలు అతనికి లాభం. అయినా 1,000 ఆటల చివర అతడు నష్టంలో ఉండే సంభావ్యత ఐదింట ఒకటి. చిత్రమైన పరిస్థితి ఇది. నేర్పు లేనివాడు 100 ఆటల తరువాత నేర్పరిననుకొంటాడు. నేర్పరి 1,000 ఆటల తరువాత కూడ తనను శంకించుకొనవలసి వస్తుంది. బొగ్గు పొర మందాన్ని ఒక్క బోరు రంధ్రం తవ్వి నిర్ణయించే భూగర్భ శాస్త్రజ్ఞుడు సింగరేణిలో ఎవరూ ఉండరు. ఎన్నో బోర్లు వేసి, నమూనాలు తీసి పోల్చిన తరువాతనే గని తెరుస్తారు. తన నేర్పును గురించి మాత్రం మనిషి రెండు రాత్రుల నమూనాతో తీర్మానం చేస్తాడు.

దీనికి తోడు మూలధనపు సమస్య ఒకటి ఉన్నది. కమీషను లేని, పూర్తిగా న్యాయమైన ఆటలో కూడ, ఇద్దరిలో ఒకడు దివాలా తీసేవరకు ఆడితే, ఎవరు దివాలా తీస్తారన్నది వారి మూలధనాల నిష్పత్తిమీద ఆధారపడుతుంది. 5,000 రూపాయలతో వచ్చినవాడు 95,000 ఉన్నవానితో సమానమైన చిన్న పందేలు ఆడుతూ పోతే, మొదటివాడు దివాలా తీసే సంభావ్యత నూటికి 95. ఫోనులో అవతలి బల్లకు అంతు లేదు. ఒకడు లేస్తే మరొకడు కూర్చుంటాడు. అక్కడ ప్రత్యర్థి మూలధనాన్ని అనంతమనే భావించవలెను. ఎడతెగకుండా ఆడేవానికి అప్పుడు ఆ 95 నూటికి నూరవుతుంది.

2003లో అమెరికాలో జరిగిన ప్రపంచ పోకరు పోటీల ముఖ్య క్రీడలో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు 25 లక్షల డాలర్లు గెలుచుకొన్నాడు. ఇంటర్నెట్టులో 86 డాలర్ల ప్రవేశ రుసుముతో మొదలుపెట్టి అక్కడికి చేరినాడు. ఆ వార్త ఎందరినో, ముఖ్యంగా కళాశాల విద్యార్థులను, ఆ ఆటవైపు లాగినది. ఆ క్రీడలో పాల్గొన్నవారు 839 మంది. మిగిలిన 838 పేర్లలో ఎన్నింటిని లోకం గుర్తు పెట్టుకొన్నది?

ఇంతవరకు ముక్కలు సరిగా కలిపినారనే అనుకొన్నాము. ఆన్‌లైన్ ఆటలో ముక్కలు లేవు, చేతులు లేవు, కలిపేది కంప్యూటరు. కంప్యూటరు చెప్పినపని చేస్తుందే గాని తనంత తాను యాదృచ్ఛికంగా ప్రవర్తించడం దానికి చేతకాదు. ఒక ‘బీజసంఖ్య’ ఇస్తే దానినుండి సూత్రం ప్రకారం సంఖ్యల శ్రేణిని పుట్టిస్తుంది. చూడడానికి అవి యాదృచ్ఛికంగానే ఉంటాయి. కాని బీజం తెలిస్తే శ్రేణి అంతా తెలిసినట్లే.

52 ముక్కలను అమర్చగల విధాల సంఖ్య, అంటే 52 యొక్క క్రమగుణితం, 8 పక్కన 67 సున్నాలు పెట్టినంత. 1990ల చివర కొన్ని సంస్థలు వాడిన ప్రోగ్రాములో బీజం 32 ద్వియాంశ స్థానాలది. అంటే దానికి సుమారు 429 కోట్ల విలువలే సాధ్యం. కాబట్టి అన్ని కోట్ల కోట్ల అమరికలలో చాలవరకు ఏనాడూ రానేరావు. పైగా ఆ బీజాన్ని అర్ధరాత్రినుండి గడచిన మిల్లీసెకన్ల సంఖ్యగా తీసుకొన్నారు. దినానికి మిల్లీసెకన్లు 8 కోట్ల 64 లక్షలు మాత్రమే. 1999లో అమెరికాలోని కొందరు సాఫ్టువేరు పరిశోధకులు ఈ లోపాన్ని పట్టుకొన్నారు. తమ గడియారాన్ని ఆట నడిపే కంప్యూటరు గడియారంతో సరిచూసుకొని, వెదకవలసిన బీజాలను దాదాపు రెండు లక్షలకు తగ్గించినారు. తమ రెండు ముక్కలు, బల్లమీది మూడు ముక్కలు కనిపించగానే వాటికి సరిపోయే బీజాన్ని క్షణాలలో కనిపెట్టి, అందరి చేతులలోని ముక్కలనూ, ఇకముందు రాబోయే ముక్కలనూ చెప్పగలిగినారు. విశేషమేమంటే, ఆ సంస్థ తన ప్రోగ్రామును తానే ప్రకటించినది – ఆట ఎంత న్యాయంగా ఉన్నదో అందరూ చూడవలెనని!

అందులోనే మరొక తప్పుకూడ ఉన్నది. దీనిని తరగతిలో కాగితంమీదనే చూపవచ్చును. మూడు ముక్కలు తీసికొని 1, 2, 3 అని వ్రాయండి. కలిపే పద్ధతి ఇది: మొదటి స్థానంలోని ముక్కను ఏదో ఒక స్థానంలోని ముక్కతో (తనతో తానైనా సరే) మార్చవలెను, తరువాత రెండవ స్థానంలోని దానిని, ఆపైన మూడవ స్థానంలోని దానిని అట్లే మార్చవలెను. ప్రతిసారి మూడు అవకాశాలు; మొత్తం 3×3×3 = 27 మార్గాలు. కాని మూడు ముక్కల అమరికలు 6 మాత్రమే. 27ను 6 భాగించదు. కనుక అన్ని అమరికలూ సమానంగా రావడం అసాధ్యం. 27 మార్గాలనూ ఓపికగా వ్రాసి చూస్తే 132, 213, 231 అనే అమరికలు అయిదేసి సార్లు, 123, 312, 321 అనేవి నాలుగేసి సార్లు వస్తాయి. నిష్పక్షపాతంగా కనిపించే పద్ధతి పక్షపాతంగా తేలినది. సరియైన పద్ధతి ఏమంటే, మొదటి స్థానానికి మూడింటినుండి ఒకదానిని, రెండవదానికి మిగిలిన రెండింటినుండి ఒకదానిని ఎన్నుకొనడం: 3×2×1 = 6 మార్గాలు, 6 అమరికలు. ఒక్క అంకె తేడా. చేతితో కలిపేటప్పుడు కూడ ఇటువంటి ప్రశ్న ఉన్నది. పేకను రెండు సగాలు చేసి ఒకదానిలో ఒకటి దూర్చి కలిపే పద్ధతిలో 52 ముక్కలు బాగా కలవడానికి సుమారు ఏడుసార్లు అవసరమని 1992లో బేయర్, డయాకోనిస్ అనేవారు నిరూపించినారు. రమ్మీ ఆడేవారు సాధారణంగా రెండు మూడు మార్లతో సరిపెడతారు.

పోకరుకు రమ్మీలో అంతగా కనిపించని గుణం ఒకటి ఉన్నది. అది బుకాయింపు, చేతిలో ఏమీ లేకుండ పెద్ద పందెం వేయడం. ఇది మోసగాని స్వభావమని తోస్తుంది. కాని హంగేరీలో పుట్టిన గణితవేత్త జాన్ ఫాన్ నాయ్‌మన్ 1928లో క్రీడా సిద్ధాంతానికి పునాది వేస్తూను, 1944లో మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి ప్రకటించిన గ్రంథంలోను, బుకాయింపు లేని ఆట గణితరీత్యా లోపభూయిష్ఠమని చూపినాడు. బల్లమీద 100 ఉన్నవి; ఒకడు మరి 100 వేసినాడు. ప్రత్యర్థి 100 పెట్టి 200 గెలవవచ్చును. మొదటివాడు ఎన్నడూ బుకాయించకపోతే ప్రత్యర్థి ప్రతిసారీ తప్పుకొంటాడు. అతని మంచి ముక్కలకు విలువ రాదు. ఎప్పుడూ బుకాయిస్తే ప్రత్యర్థి ప్రతిసారీ పట్టుకొంటాడు. మూడు పందేలలో ఒకటి బుకాయింపు, రెండు నిజం అయినప్పుడు మాత్రం ప్రత్యర్థి సరిపెట్టినా తప్పుకొన్నా అతనికి ఫలితం ఒక్కటే. ఎట్లు చేసినా అదనంగా మేలు పొందలేడు. ఆ మూడవవంతు ఎవరి గుండె ధైర్యంనుండీ పుట్టినది కాదు; 100, 200 అనే అంకెలనుండి పుట్టినది.

ఈ లెక్కను చివరివరకు కొనసాగించినవారు విశ్వవిద్యాలయాలవారే. పోకరును సరదాగా కాక పరిశోధనాంశంగా తీసికొన్న స్నాతకోత్తర విద్యార్థులు కొందరున్నారు. 2015లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయ బృందం, ఇద్దరు ఆడే పరిమిత పందెపు హోల్డెమ్‌ను కంప్యూటరు దాదాపు సంపూర్ణంగా సాధించినదని ప్రకటించినది. 2017 జనవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో లిబ్రాటస్ అనే ప్రోగ్రాము నలుగురు వృత్తి ఆటగాండ్రతో 20 రోజులపాటు 1,20,000 చేతులు ఆడి, 17 లక్షల 66 వేల డాలర్ల విలువగల బిళ్లల ఆధిక్యంతో గెలిచినది. దానిని తయారుచేసినది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ టువోమాస్ సాండ్‌హోమ్, ఆయన వద్ద డాక్టరేటుకు చదువుతున్న నోమ్ బ్రౌన్. 2019లో వారి మరొక ప్రోగ్రాము ఆరుగురు ఆడే బల్లమీద కూడ వృత్తి ఆటగాండ్రను మించినది. 1,20,000 చేతులు ఎందుకు ఆడించినారో పై లెక్కలు చూసినవారికి చెప్పనక్కరలేదు.

హాస్టలు గదిలోని విద్యార్థికి దీని అర్థం వేరుగా ఉంటుంది. తెరమీద ఎదుటి కుర్చీలో ఉన్నది మనిషో ప్రోగ్రామో అతడు తెలుసుకొనే మార్గం లేదు.

మనస్తత్వ శాస్త్రం చెప్పేది కూడ ఒకటి ఉన్నది. అమెరికా శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాలలో, మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే పావురం గింజ ఆగగానే మానుకొన్నది. ఎప్పుడు పడుతుందో తెలియకుండ అప్పుడప్పుడు పడితే మాత్రం, గింజలు ఆగిన తరువాత కూడ చాలసేపు నొక్కుతూనే ఉన్నది. పందెపు ఆటలో గెలుపు ఈ రెండవ పద్ధతిలోనే వస్తుంది. ఓడిన సొమ్మును వెంటనే రాబట్టుకొనవలెననే తొందరలో, లెక్కలు తెలిసినవాడే లెక్క తప్పి ఆడతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణలో, 2022 నుండి అమలులోనికి వచ్చిన కూర్పులో, జూదపు వ్యసనాన్ని మానసిక రుగ్మతగా చేర్చి, ఆన్‌లైన్ జూదానికి ప్రత్యేకమైన ఉపవిభాగం ఇచ్చినారు. అప్పుల పాలైన యువకుల విషాద వార్తలు తెలుగు పత్రికలలో పదేపదే వచ్చినవి. ఇటువంటి స్థితిలో ఉన్నవారు భారత ప్రభుత్వపు టెలి-మానస్ కేంద్రానికి 14416 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

చట్టం కూడ మారినది. తెలంగాణ ప్రభుత్వం 2017లో తన జూద నిరోధక చట్టాన్ని సవరించి, నేర్పు ఉన్నదా లేదా అనే వాదంతో నిమిత్తం లేకుండ, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించినది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టినది. అంటే రామకృష్ణాపూర్‌లో కూర్చున్నవానికి డబ్బుతో ఈ ఆట ఆడడం అప్పటినుండే చట్టవిరుద్ధం. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసినది. ఆ నెల 22న రాష్ట్రపతి ఆమోదించినారు. డబ్బు ఆటలు నడిపేవారికి మూడు సంవత్సరాలవరకు ఖైదు, కోటి రూపాయలవరకు జరిమానా విధించవచ్చునని అందులో ఉన్నది. వెనువెంటనే దేశంలోని పెద్ద సంస్థలు డబ్బు ఆటలను నిలిపివేసినవి.

డబ్బు తీసివేస్తే పోకరులో మిగిలేది గణితం. అది చింతపిక్కలతోనైనా నేర్చుకొనవచ్చును. కమీషను లెక్కను తరగతిలో చూపడానికి పేకకూడ అక్కరలేదు, ఒక నాణెం చాలు. నలభైమంది ఉన్న తరగతిలో ప్రతి విద్యార్థీ నాణేన్ని 100 సార్లు ఎగురవేసి బొమ్మలు ఎన్ని పడినవో వ్రాసుకొనవలెను. బొమ్మ గెలుపు, బొరుసు ఓటమి. గెలిస్తే 90, ఓడితే 100. బొమ్మలు 53గాని అంతకు మించిగాని వచ్చినవారే లాభంలో ఉన్నట్లు. అటువంటివారు సుమారు పన్నెండుగురు తేలుతారు. ఆ పన్నెండుగురిని వేరుగా నిలబెట్టి మరల నూరేసి సార్లు ఎగురవేయిస్తే, రెండవ మారు కూడ 53కు చేరేవారు నలుగురికి అటూ ఇటూగా ఉంటారు. మూడవ మారుకు ఆ నలుగురిలో ఒకరు.